పిల్లికి ఇన్సులిన్: ఇంట్లో మోతాదు సరిచూసుకునే పద్ధతి

మధుమేహం ఉన్న పిల్లికి ఇన్సులిన్ మోతాదు సంగతి తేల్చుకునే ముందు సిరంజి సంగతి తేల్చుకోవాలి. మన మందుల దుకాణాల్లో రెండు రకాల ఇన్సులిన్ సిరంజిలు దొరుకుతాయి. ఎర్ర మూతది మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే మందుకు, నారింజ రంగు మూతది 100 యూనిట్లుండే మందుకు తయారైనవి. పిల్లులకు వైద్యులు తరచుగా రాసే గ్లార్జిన్ అనే ఇన్సులిన్ 100 యూనిట్ల మందు కనుక, దాన్ని ఎర్ర మూత సిరంజితో ఒక యూనిట్ గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది రెండున్నర యూనిట్లు. చెన్నైలో మా వీధి చివరి దుకాణంలో కుర్రవాడు గ్లార్జిన్‌తో పాటు ఎర్ర మూతల పొట్లమే చేతిలో పెట్టాడు. ఆ రాత్రి మొదటి సూది వేయబోతూ సీసా మీది అంకెను, సిరంజి మీది అంకెను పక్కపక్కన పెట్టి చూడబట్టి మా పిల్లి గండం గడిచింది.

రక్తంలో చక్కెరను ఇంట్లోనే చూసుకోవడానికి బలమైన కారణం ఉంది. పెరంబూరు నుంచి ఆటోలో, కుక్కల అరుపుల మధ్య వేపేరిలోని పశువైద్య ఆసుపత్రికి చేరేసరికి, బెదురు వల్లనే పిల్లి చక్కెర అమాంతం పెరుగుతుంది. ఇంట్లో గోరువెచ్చని గుడ్డతో చెవి అంచును కాసేపు వెచ్చబరిచి, అంచు వెంబడి పోయే సన్నని నరం పక్కన గుచ్చితే చుక్క రక్తం వస్తుంది. మనుషుల గ్లూకోమీటరు పిల్లి రక్తంలో చక్కెరను సాధారణంగా ఉన్నదానికంటే తక్కువగా చూపుతుంది కాబట్టి, ఎప్పుడూ ఒకే మీటరు వాడి, అదేమిటో వైద్యునికి చెప్పాలి.

సూదికి ముందు ఒకసారి, ఆ తరువాత 12 గంటల పాటు రెండేసి గంటలకొకసారి చూసి రాసుకోవాలి. డెసిలీటరుకు మిల్లీగ్రాముల లెక్కన ఒక రోజు పుస్తకం ఇలా ఉందనుకుందాం: ఉదయం ఏడింటికి 340, తొమ్మిదింటికి 260, పదకొండింటికి 150, ఒంటిగంటకు 68, మూడింటికి 120, అయిదింటికి 240, రాత్రి ఏడింటికి 330. ఉదయపు 340ని చూసి మోతాదు పెంచాలనిపించడం సహజమే కానీ, ఈ పుస్తకం చెబుతున్నది తగ్గించమని. మోతాదును నిర్ణయించేది రోజులోని అతి తక్కువ అంకె. అది 80కీ 150కీ మధ్య ఉంటే అలాగే కొనసాగించాలి. 150 పైనే ఉండిపోతుంటే వైద్యుని సమ్మతితో అర యూనిట్ పెంచాలి. 80 కంటే దిగితే ఆ రోజే ఆయనకు ఫోన్ చేసి తగ్గించాలి. పెంచిన తరువాత కనీసం వారం ఆగాలి, ఎందుకంటే గ్లార్జిన్ ప్రభావం ఒంట్లో కుదురుకోవడానికి అన్ని రోజులు పడుతుంది. మనుషుల ఇన్సులిన్ పెన్నుల్లో చాలావాటికి అర యూనిట్ తిప్పే వీలుండదు కనుక, అర యూనిట్ గీతలున్న 100 యూనిట్ల మందు సిరంజి వెతికి కొనుక్కోవడం మేలు.

పిల్లి అన్నం ముట్టకపోతే పూర్తి మోతాదు వేయకుండా వైద్యుణ్ణి అడగాలి. సూది వేశాక మందు బొచ్చు మీద కారిపోయినట్టు అనిపించినా మళ్లీ వేయకూడదు. ఒక పూట తగ్గడం కంటే రెండింతలు పడడమే ప్రమాదం. చక్కెర మరీ పడిపోతే నడక తూలుతుంది, నీరసించిపోతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. అప్పుడు తేనెగానీ, నీటితో ముద్ద చేసిన గ్లూకోజు పొడిగానీ చిగుళ్లకు రాసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. స్పృహ లేని పిల్లి నోట్లో ఏదీ పోయకూడదు.

మన ఇళ్లలో పిల్లికి పెరుగన్నం పెట్టడం పాత అలవాటు. అందులోని పిండిపదార్థం ఈ జబ్బుకు పనికిరాదు. అయితే ఒక్కసారిగా అన్నం మాన్పించి మాంసాహారానికి మారిస్తే ఇన్సులిన్ అవసరం కూడా తగ్గుతుంది కనుక, తిండి మార్చే వారంలో పాత మోతాదే ప్రమాదకరం కావచ్చు. ముందే వైద్యునికి చెప్పి, ఆ వారం చక్కెరను మరింత తరచుగా చూడాలి.

చెన్నై మే నెల ఎండలో మందు పాడవడానికి ఎంతో సేపు పట్టదు. దుకాణం నుంచి తెచ్చేటప్పుడు ఐసు పెట్టె వాడినా సీసా ఐసుకు నేరుగా తగలకూడదు, గడ్డకట్టిన ఇన్సులిన్‌ను పారేయాలి. ఫ్రిజ్‌లో మధ్య అరలో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. అంకెలు హఠాత్తుగా పెరిగినప్పుడు మోతాదు పెంచే ముందు, కొత్త సీసా తెచ్చి చూడడం నా పద్ధతి.