వెడల్పు రిమ్ముకు అదే టైరు వేస్తే ఏం మారుతుంది

సైకిల్ టైరు పక్కన 28-622 అని ఉంటే, 622 అనేది రిమ్ము మీద టైరు అంచు కూర్చునే చోటి వ్యాసం, మిల్లీమీటర్లలో. అది కచ్చితంగా కలవాలి. టైరు వెడల్పు చెప్పే 28 మాత్రం అంత నికరమైన అంకె కాదు. అదే టైరు ఇరుకు రిమ్ము మీద సన్నగానూ, వెడల్పు రిమ్ము మీద లావుగానూ తేలుతుంది.

ముందు టైరు విప్పి, రిమ్ము రెండు గోడల మధ్య ఖాళీని వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. గోడలకు లోపలికి వంగిన కొక్కేలుంటే, వాటి మధ్య దూరమే లెక్క. చాలామంది బయటి వెడల్పు కొలిచి పొరపడతారు. అది సాధారణంగా 4 నుంచి 6 మి.మీ. ఎక్కువ చూపిస్తుంది.

లోపలి వెడల్పు 1 మి.మీ. పెరిగితే టైరు సుమారు 0.4 మి.మీ. ఉబ్బుతుంది. 17 మి.మీ. రిమ్ము మీద 28 ఉన్న టైరు 21 మి.మీ. రిమ్ము మీద దాదాపు 29.6 అవుతుంది. ఫోర్కులోనూ వెనక గొట్టాల మధ్యా ఇరుపక్కలా కనీసం 4 మి.మీ. ఖాళీ మిగలాలి. బురదలో తొక్కేవాళ్లకు ఇంకా ఎక్కువ కావాలి. రిమ్మును పట్టే బ్రేకులైతే రబ్బర్లు అంత వెడల్పుకు తెరుచుకుంటాయో లేదో కూడా చూసుకోండి.

ఇక గాలి. అసలు లాభమంతా ఇక్కడే ఉంది, చాలామంది వదిలేసేదీ ఇదే. లావైన టైరులో పాత గాలే కొడితే రబ్బరు కింద ఉండే బట్ట పొర మీద లాగుడు పెరిగి, బండి మునుపటికంటే గట్టిగా ఎగురుతుంది. అప్పుడు కొత్త రిమ్ము కొన్నా ప్రయోజనం సున్నా. లాగుడు మునుపటిలాగే ఉండాలంటే వెడల్పు పెరిగిన నిష్పత్తిలోనే గాలి తగ్గించాలి. 28కి 80 పీఎస్ఐ కొట్టేవాళ్లు 29.6కి 76తో మొదలుపెట్టాలి. అక్కడినుంచి రెండేసి పీఎస్ఐ తగ్గిస్తూ, గుంతలో రిమ్ము తగులుతున్నట్టు అనిపించగానే ఒక మెట్టు వెనక్కి రండి.

మలుపులో తేడా ఎందుకొస్తుందంటే, ఇరుకు రిమ్ము మీద టైరు బల్బులా మెడ సన్నగా నిలబడుతుంది. గాలి తక్కువైతే ఆ మెడ పక్కకు ఒరిగి, చక్రం కింద నేల జారుతున్నట్టు ఉంటుంది. వెడల్పు రిమ్ము మీద పక్కగోడలు దాదాపు నిటారుగా ఉంటాయి కాబట్టి తక్కువ గాలితోనూ ఒరగదు. ట్యూబ్‌లెస్‌లో అంచు దగ్గర గాలి బుసుక్కున పోవడమూ తగ్గుతుంది.

కానీ మరీ వెడల్పైతే కథ అడ్డం తిరుగుతుంది. టైరు నడినెత్తి చదునుగా మారి, బండిని వంచేటప్పుడు ఒక్కసారిగా అంచు మీదికి పడ్డట్టు ఉంటుంది. పక్కగోడలు రాళ్లకు దొరికి కోసుకుపోతాయి. టైరు వెడల్పు రిమ్ము లోపలి వెడల్పుకు 1.4 రెట్ల నుంచి సుమారు 2 రెట్ల మధ్య ఉంటే ఇబ్బంది ఉండదు. మౌంటెన్ బైకుల 2.4 అంగుళాల టైరుకు 30 మి.మీ. రిమ్ము చక్కగా నప్పుతుంది.

కొక్కెం లేని రిమ్మైతే ఈ రెట్ల లెక్క ఒక్కటే చాలదు. దానికి పనికొస్తుందని తయారీదారు చెప్పిన ట్యూబ్‌లెస్ టైరే వేయాలి. ట్యూబు వేసినా సరే, గాలి 72.5 పీఎస్ఐ దాటకూడదు. దాటితే టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది.

రిమ్ము లోపల అతికించే పాత టేపు కొత్త రిమ్ముకు చాలదు. ట్యూబ్‌లెస్‌కైతే లోపలి వెడల్పుకంటే 2, 3 మి.మీ. ఎక్కువున్న టేపు వేయండి. లేకపోతే స్పోకుల రంధ్రాల్లోంచి గాలి కారుతుంది. టైరు ఎక్కించాక ఒక రోజు ఆగి వెడల్పు మళ్లీ కొలవండి, కొత్త బట్ట ఇంకాస్త సాగుతుంది. ఫోర్కులో ఖాళీని అప్పటి కొలతతో సరిచూడండి.