విడుదల కాని ర్యాప్ పాటలను ఆల్బమ్‌లుగా పేర్చే ముందు

ర్యాపర్ పోయాక మిగిలిన రికార్డింగులను సర్దబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి.

– అసలు ఫైళ్ల జోలికి పోవద్దు, కాపీల మీదే పని చేయండి. ఫైలు తేదీ మారిందంటే పాట ఏ సెషన్‌దో చెప్పే ఆధారం పోయినట్టే. పేరులో ‘ఫైనల్’ అని ఉన్నా అదే చివరిదని నమ్మకండి.

– బీట్ (గొంతు వెనక వచ్చే సంగీతం) పాట రికార్డు చేసినప్పటిదేనా? అమెరికన్ ర్యాపర్ టుపాక్ 1996లో చనిపోయాక వచ్చిన ఆల్బమ్‌లలో చాలా పాటలకు కొత్త బీట్లు వేశారు. అలాంటి రీమిక్స్ పక్కన పాత టేక్ (అప్పట్లో పాడిన రికార్డింగు) పెడితే అతుకు తెలిసిపోతుంది.

– స్పెక్ట్రమ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో చూపే బొమ్మలో) 16 కిలోహెర్ట్జ్ పైన ఖాళీగా ఉంటే, నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైలైనా, నాణ్యత తగ్గించే ఎంపీ3 నుంచి మార్చిందే కావచ్చు.

– ఒకే వెర్స్ (ర్యాప్ చరణం) రెండు పాటల్లో ఉందేమో వినండి. మామూలే ఇది.

– బయట పెట్టాలంటే హక్కుదారుల అనుమతి, శాంపిళ్ల (వేరే పాటల నుంచి తీసుకున్న ముక్కల) క్లియరెన్స్ తప్పనిసరి.