శ్రావణం పనులకు ముందే: సానపట్టే ఫిక్చర్‌కు అయస్కాంతం పెట్టేవారికి జాగ్రత్తలు

ఆషాఢంలో చెక్కుడు పని కాస్త నెమ్మదిస్తుంది. శ్రావణం వచ్చిందంటే వెండి కంచాలు, కుంకుమ భరిణెలు, పళ్ళేలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పేర్లు చెక్కాలి, అంచుల్లో లతలు తియ్యాలి, అన్నీ ముహూర్తం లోపలే అందాలి. అందుకే గ్రేవర్లు, అంటే లోహం మీద చెక్కే సన్నటి ఉలులు, నూరుకునే సరంజామా సరిచూసుకోవడానికి ఈ నెలను మించింది లేదు. నూరేటప్పుడు గ్రేవర్‌ను ఒకే కోణంలో పట్టి ఉంచే ఫిక్చర్ అటూ ఇటూ ఊగకుండా అడుగున అయస్కాంతాలు బిగించాలనుకుంటే అదీ ఇప్పుడే చెయ్యండి. పెళ్ళి ఆర్డర్ చేతిలో ఉన్నప్పుడు కొత్త అమరిక మొదలుపెట్టవద్దు.

నా దగ్గరున్నది చిన్న ఇత్తడి దిమ్మె. వాలుగా వేసిన రంధ్రంలో గ్రేవర్ బిగుస్తుంది. మొన ముందుకొచ్చి సానరాయి మీద ఆనుతుంది. దిమ్మెకున్న రెండు కాళ్ళు వెనకాల ఇనప రేకు మీద జారతాయి. ఊరికే వేళ్ళతో అదిమితే ఒక్కోసారి ఒక కాలు లేస్తుంది, నూరిన ముఖం బల్లపరుపుగా రాకుండా గుండ్రమవుతుంది. కాళ్ళ మధ్య రెండు నియోడైమియం బిళ్ళలు పెట్టాక ఆ ఊగిసలాట పోయింది. కిందికి లాగే పని అయస్కాంతానిది, ముందుకూ వెనక్కూ నడిపే పని మాత్రమే వేళ్ళది.

కానీ మన భాషలో దీన్ని సూదంటురాయి అన్నారు. సూదిని ఎలా పట్టుకుంటుందో నూరిన ఉక్కుపొడినీ అలాగే పట్టుకుంటుంది. మొదటి ఏడాది నేను ఈ సంగతి పట్టించుకోలేదు. ఒక వెండి కంచం అంచు మీద తీసిన గీతలు అద్దంలా మెరవాల్సింది పోయి బూడిద రంగులో వచ్చాయి. మళ్ళీ నూరాను, మళ్ళీ అదే. చివరికి దిమ్మె తిరగేసి భూతద్దంతో చూస్తే ఒక కాలి పక్కన సన్నటి పొడి మీసంలా నిలబడి ఉంది.

అంత చిన్న నలుసు ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. లెక్క చూడండి. కాళ్ళ మధ్య దూరం 25 మిల్లీమీటర్లు, ఒక కాలి కింద 0.1 మిల్లీమీటరు నలుసు. గ్రేవర్ ఆ మేరకు పక్కకు ఒరుగుతుంది. మొన కింద నూరే చిన్న ముఖాన్ని హీల్ అంటాం. దాని వెడల్పు అర మిల్లీమీటరు అనుకుంటే, ఒక అంచు 2 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు రెండు, పైకి లేచిపోతుంది. మెరుగు పెట్టేది 1 మైక్రాన్ డైమండ్ పేస్టుతో. ఎంతసేపు రుద్దినా ఆ అంచుకు పేస్టు అందదు. గీతకు మెరుపు ఇచ్చేది ఆ హీలే కాబట్టి, అక్కడ మిగిలిన గరుకు నేరుగా వెండి మీద కనిపిస్తుంది.

అందుకని అయస్కాంతం రేకుకు తగలకుండా దిమ్మెలోకి కాస్త లోపలికి దించండి. పైన సెల్లోటేపు అంటించండి. పొడి పట్టినప్పుడు టేపుతో సహా ఊడివస్తుంది. కాళ్ళకు మాత్రం టేపు వెయ్యవద్దు, అది అరిగేకొద్దీ కోణం మారుతుంది. గరుకు రాయి నుంచి మెరుగు పలకకు మారే ప్రతిసారీ కాళ్ళు, రేకు, మొన మూడూ తడిగుడ్డతో తుడవండి. నోటితో ఊదే అలవాటు ఉంటే ఈ పనికి పూర్తిగా మానుకోండి. పొడి ఎగిరి మళ్ళీ అయస్కాంతం దగ్గరకే చేరుతుంది, మిగిలింది మన ముక్కులోకి పోతుంది.

కార్బైడ్ గ్రేవర్ నూరేవారికి ఇది మరీ ముఖ్యం. టంగ్‌స్టన్ కార్బైడ్ గింజలను పట్టి ఉంచేది సాధారణంగా కోబాల్ట్. ఆ పొడి ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. రాయి తడిగా ఉంచి నూరండి, ఆ బురదను ఆరకముందే గుడ్డతో ఎత్తెయ్యండి. కోబాల్ట్ కూడా అయస్కాంతానికి అంటుతుంది, కాబట్టి ఉక్కు గ్రేవర్ కాదు కదా అని తుడవకుండా వదలకండి.

పట్టు ఎక్కువైతే అదో ఇబ్బంది. దిమ్మె జారకుండా పట్టేసి, ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ఆ కుదుపుకు మొన విరుగుతుంది. అయస్కాంతానికీ రేకుకూ మధ్య ఖాళీ కొంచెం పెరిగినా లాగుడు బాగా తగ్గుతుంది. విజిటింగ్ కార్డు మందం చొప్పున పెంచుకుంటూ చూడండి. వేలితో నెడితే నునుపుగా జరగాలి, చెయ్యి తీస్తే కదలకుండా నిలవాలి. రేకు మామూలు ఇనుముదే కావాలి. వంటగిన్నెల స్టీల్‌లో చాలా రకాలకు అయస్కాంతం సరిగా అంటదు. సానరాయిగా వాడే డైమండ్ ప్లేటు వెనక ఉక్కు పలక ఉంటే దానికి బిళ్ళలను రెండు వేళ్ళ ఎడంగా ఉంచండి, లేదంటే రాయి కూడా లాగి మొన మీద బరువు పెంచుతుంది. మోటారుతో తిరిగే ఉక్కు చక్రం దగ్గరకు మాత్రం ఈ దిమ్మెను అసలు తీసుకెళ్ళవద్దు.

గ్రేవర్ తానే అయస్కాంతమైపోవడం ఇంకో తంటా. బిళ్ళకు తగిలిన హైస్పీడ్ స్టీల్ మొన సన్నటి ఉక్కుపొడిని ఎత్తుతుంటే అర్థం అదే. వెండి చెక్కేటప్పుడు తేడా తెలియదు కానీ, మెరుగు పెట్టేటప్పుడు ఆ పొడే హీల్ మీద గీతలు పెడుతుంది. అయస్కాంత గుణాన్ని పోగొట్టడానికి వాచీలు బాగుచేసేవారు వాడే డీమాగ్నెటైజర్ చాలు. ఏసీ కాయిల్ రకమైతే, కరెంటు ఉండగానే గ్రేవర్‌ను మెల్లగా చెయ్యి చాపినంత దూరం తీసి, ఆ తరువాతే స్విచ్ ఆపండి. లోపల ఉండగా ఆపితే మళ్ళీ అయస్కాంతం పట్టవచ్చు.

బిళ్ళలు అంటించేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకోండి. రెండు బిళ్ళలు ఎగిరి కొట్టుకుంటే పింగాణీలా చిట్లుతాయి, మధ్యలో వేలు ఉంటే చర్మం నలుగుతుంది. వాటికి రంధ్రం వెయ్యడం, అరగదియ్యడం వద్దు. ఆ పొడికి నిప్పంటుకుంటుంది. మామూలు రకాలకు 80 డిగ్రీలు దాటితే శక్తి తగ్గుతుంది కాబట్టి టార్చి మంటకూ, టంకం పెట్టే చోటికీ దూరంగా ఉంచండి.

గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు వీటిని కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి, చొక్కా జేబులో అసలు వేసుకోకూడదు. ఇంట్లోనే పనిచేసేవారికి అన్నిటికన్నా గట్టిగా చెప్పేది పిల్లల సంగతి. రెండు బిళ్ళలు మింగితే పేగుల మడతలు వాటి మధ్య ఇరుక్కుని చిల్లు పడుతుంది. బిడ్డ బాగానే ఆడుకుంటున్నా ఆగవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. దిమ్మెలో రెండు, డబ్బాలో నాలుగు అని నేను గోడ మీద రాసి పెట్టుకున్నాను. పని కట్టేసే ముందు ఆరూ లెక్క తేలాకే దీపం ఆర్పుతాను.