ఇంగ్లీషు ఎం.ఏ. చేసి పాలకొల్లులోనే ఉండిపోతే

ఏటా జూన్‌లో నా పాత విద్యార్థులు ఎవరో ఒకరు ఫోను చేస్తారు. "మేడమ్, ఎం.ఏ. అయిపోయింది. హైదరాబాదు వెళ్ళక తప్పదా?" ఇరవై రెండేళ్ళుగా పాలకొల్లులో ఉంటూ, చుట్టుపక్కల నాలుగు కళాశాలల్లో పాఠాలు చెబుతూ, మిగిలిన వేళల్లో రాసిపెట్టి డబ్బు తీసుకుంటూ ఇల్లు నడిపినదాన్ని. వెళ్ళనక్కర లేదనే చెబుతాను. కాకపోతే పాఠాన్నీ రాతనూ మొదటి రోజు నుంచే కావడికి రెండు పక్కలా కట్టుకోవాలి. ఉద్యోగం స్థిరపడ్డాక రాద్దాంలే అనుకున్నవాళ్ళు రాయగా నేను చూడలేదు.

ముందు అర్హత. కళాశాలలో సహాయ ఆచార్య పదవికి నెట్ (జాతీయ అర్హత పరీక్ష) గానీ, సెట్ (రాష్ట్ర అర్హత పరీక్ష) గానీ, పీహెచ్‌డీ గానీ కావాలి. నెట్ మొదటి పేపరులో 50 ప్రశ్నలు, రెండో దానిలో 100. ప్రశ్నకు 2 మార్కులు, మొత్తం మూడు గంటలు. తప్పు జవాబుకు కోత లేదు కనుక ఒక్కటి కూడా ఖాళీగా వదలకండి. మన రాష్ట్ర సెట్‌ను ఆంధ్ర విశ్వవిద్యాలయం నిర్వహిస్తుంది. సాహిత్యం వాళ్ళందరూ మొదటి పేపరును చిన్నచూపు చూస్తారు. నేనూ చూశాను. అందులోని పట్టికల లెక్కలు నన్ను రెండుసార్లు వెనక్కి పంపాయి. బడిలో చెప్పాలనుకుంటే బి.ఎడ్. చేయాలి, అది వేరే దారి.

అర్హత వచ్చేదాకా గెస్టు లెక్చరరు పనే గతి. గంటల లెక్కన ఇస్తారు, సెలవుల్లో పైసా రాదు. నేను పనిచేసిన ఒక చోట మూడు నెలలకోసారి జీతం వచ్చేది, అదీ గుమాస్తా బల్ల ముందు నిలబడితే. కనుక మే నెలకు కావలసిన రాత పని జనవరిలోనే మాట్లాడి పెట్టుకోండి.

ఇక రాయడానికి సరుకు ఎక్కడిదంటే, తరగతి గదిదే. ఇంగ్లీషు కవి కీట్స్ 1819 సెప్టెంబరులో వించెస్టరులో రాసిన శరదృతువు కవితను చాలా ఏళ్ళు నోట్సు చూసే చెప్పాను. నేను అలంకారాల పేర్లు చెప్పేదాన్ని, పిల్లలు రాసుకునేవారు, వెనక బెంచీలు కునికేవి. ఒక డిసెంబరులో, బయట సార్వా కోతలు ముగుస్తున్న రోజుల్లో, గ్లీనర్ అన్న మాట దగ్గరికి వచ్చాం. కోత అయ్యాక చేలో రాలిన వెన్నులు ఏరుకునేవాళ్ళు అని వివరించబోతుంటే పోడూరు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి, "పరిగె ఏరడమే కదా మేడమ్, మా మామ్మ ఏరేది" అంది. ఆ మనిషి నెత్తిన బరువుతో వాగు దాటుతూ తలను నిలకడగా ఉంచుకుంటుందని కవి రాశాడు. అదెలాగో ఆ పిల్లే చూపించింది. పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని, బోదె మీద తాటిదుంగ దాటుతున్నట్టుగా రెండు బెంచీల మధ్య నడిచింది. మెడ కదలలేదు, కళ్ళు మాత్రం పాదాల వైపు దిగాయి. తరగతి మొత్తం లేచి కూర్చుంది. ఇప్పుడు కోత యంత్రాలు వచ్చాక పరిగె ఏం మిగులుతుందని వెనక నుంచి ఒక అబ్బాయి అడిగాడు. ఆ ప్రశ్నకు నా నోట్సులో జవాబు లేదు.

ఆ సాయంత్రమే దాన్ని 900 మాటల ఇంగ్లీషు వ్యాసంగా రాశాను. నాకు మొదటిసారి డబ్బు తెచ్చినది అదే. అప్పటి నుంచి స్టాఫ్ రూము వదిలే ముందు మూడు వాక్యాలు రాసుకోకుండా బస్సెక్కను. ఏ మాట దగ్గర పిల్లలు తల ఎత్తారు, ఎవరు ఏమని అడిగారు, నేను ఎక్కడ తడబడ్డాను. మీరూ ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. ఫోనులో వద్దు, ఫోను తీస్తే వేరేవి కనిపిస్తాయి.

పత్రికకు వ్యాసం మొత్తం పంపే ముందు 150 మాటల ప్రతిపాదన పంపండి: విషయం ఏమిటి, మీరే ఎందుకు రాయాలి, ఎన్ని మాటలు, ఎప్పటికి ఇస్తారు. రెండు వారాలు ఆగి ఒకసారి గుర్తు చేయండి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే ఇంకొకరికి పంపండి. ఒకే వ్యాసాన్ని ఒకేసారి ఇద్దరికి పంపారో, ఇద్దరూ దూరమవుతారు.

సాహిత్య వ్యాసాలతో బియ్యం రావు, అది ముందే తెలుసుకోవడం మంచిది. మా గోదావరి డెల్టాలో ఇంగ్లీషు అవసరం ఉన్నవాళ్ళు కవులు కారు. భీమవరంలో రొయ్యల ఎగుమతిదారులు, నరసాపురంలో లేసు వ్యాపారులు, అంబాజీపేటలో కొబ్బరి వర్తకులు. వాళ్ళకు ఉత్తరాలు, కరపత్రాలు, సరుకు వివరాలు కావాలి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చాక ఒక వ్యాపారి పెట్టె మీద వేయడానికి నాలుగు ముక్కలు రాయమన్నారు. నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది అన్న ధోరణిలో ఇంట్లో కూర్చుని రాశాను. చదువుకుంటే సబ్బు ప్రకటనలా ఉంది. మర్నాడు బస్సెక్కి వెళ్ళి, రేకులు తీస్తున్న ఒకామె పక్కన కూర్చున్నాను. బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకు మంట. పల్చటి బియ్యపు పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగింది. చెమ్మ చుయ్యిమంది, అంచులు లేచాయి, అద్దంలో నుంచి చూసినట్టు అవతల గోడ కనిపించే రేకు ఆమె వేళ్ళ మధ్యకు వచ్చింది. పేరులోనే పని ఉంది: పూయడం, రేకు తీయడం. ఆ రెండు పనులనే 120 మాటల్లో రాసి ఇచ్చాను. "శ్రేష్ఠమైనది అని ఎక్కడా లేదేమండీ" అని ఆయన కాస్త నొచ్చుకున్నారు గానీ పెట్టె మీద అదే వేశారు.

డబ్బు గురించి సిగ్గుపడకండి. నేను మాటకు 40 పైసలతో మొదలుపెట్టాను. ఇప్పుడు మూడు రూపాయలకు తగ్గితే ఒప్పుకోను. ఒకప్పుడు ఒక ప్రచురణకర్తకు డిగ్రీ గైడు 160 పుటలు రాసిచ్చాను, నోటిమాట మీద. పుస్తకం వేరే పేరుతో వచ్చింది, డబ్బు రాలేదు. అందుకే, ఎంత తెలిసినవాళ్ళయినా సరే, విషయం, మాటల సంఖ్య, రేటు, గడువు, ఎన్నిసార్లు మార్చి ఇవ్వాలి, ఎవరి పేరు వేయాలి, ఈ ఆరూ కనీసం ఫోను సందేశంగానైనా రాయించుకోండి. సగం ముందే తీసుకోండి. ఒకే సంస్థ ఏడాదిలో 50,000 రూపాయలు దాటి ఇస్తే 10 శాతం టీడీఎస్, అంటే ఇచ్చేచోటే పట్టుకునే ఆదాయపు పన్ను, కోయవచ్చు. రిటర్ను వేసేటప్పుడు దాన్ని లెక్కలో చూపించడం మరవకండి. ఏడాది రాబడి 20 లక్షల లోపు ఉన్నంతవరకు జీఎస్టీ బెడద లేదు, మనలో చాలామందికి ఆ బెడద రాదు కూడా. ప్రభుత్వ కొలువులో ఉంటే మాత్రం డబ్బు తీసుకుని రాసే ముందు పై అధికారి అనుమతి సంగతి కనుక్కోండి.

తెలుగు కథలను ఇంగ్లీషులోకి తెచ్చే పని మనకు బాగా అబ్బుతుంది, కానీ అనువాద హక్కు రచయితది. ఆయన పోయాక 60 ఏళ్ళ వరకు వారసులది. ఉత్తరం రాసి అనుమతి తెచ్చుకున్నాకే మొదటి వాక్యం ముట్టుకోండి. అడగనక్కర లేనివాళ్ళూ ఉన్నారు. పొలమూరులో పుట్టిన కథకులు శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి 1961లో పోయారు కనుక 2022 నుంచి ఆయన కథలను ఎవరైనా అనువదించవచ్చు. ఆ కథల్లోని ఇంటి మాటలకు ఇంగ్లీషు దొరకాలి, అంతే. నాకు ఒక్కో పుటకు వారం పట్టింది.

వేళ సంగతి ఎవరికి వారే చూసుకోవాలి. నాకు తెల్లవారుజామున నాలుగున్నర నుంచి పాలవాడు గేటు తట్టేదాకా కుదిరింది. ఏప్రిల్‌లో, జవాబు పత్రాలు దిద్దే రోజుల్లో మాత్రం ఎవరికీ ప్రతిపాదన పంపకండి. ఖర్మ కాలి ఆ నెలలోనే ఒప్పుకుంటారు.