చైనా చుట్టాన్ని కలవబోతున్నారా? జీతం అడుగుతారు, రెడీగా ఉండండి

నా భార్యది చైనాలోని చాంగ్‌షా. పెళ్లయ్యాక మొదటిసారి మా మామగారి పెదనాన్న కొడుకుని ఒక హోటల్లో కలిశాం. నేను కుర్చీలో సరిగ్గా కూర్చోనైనా లేదు, ఆయన జీతమెంత అన్నారు. ఆ తర్వాత అద్దె ఎంత, ఇల్లెప్పుడు కొంటారు అని వరసగా. నాకు చెమటలు పట్టాయి. అదే మనిషి, చివర్లో బిల్లు నేను కట్టబోతే మాత్రం కొట్టినంత పని చేశారు. చైనాలో డబ్బు సంగతి ఇలాగే ఉంటుంది: నోటితో ఎంత సూటిగా అడుగుతారో, చేత్తో ఇచ్చిపుచ్చుకునేటప్పుడు అంత డొంకతిరుగుడు.

వెళ్లేముందు వరస కనుక్కోండి. మనలాగే వాళ్లకీ అమ్మవైపు, నాన్నవైపు పిలుపులు వేరు. నాన్నకి అన్న వరసైతే బోబో, తమ్ముడి వరసైతే షూషూ, మేనమామ జియూజియూ, మేనత్త గూగూ. అందరినీ అంకుల్ అనేసే భాషలవాళ్లకి ఇది నరకం గానీ మనకి పది నిమిషాల పని. చేతిలో పళ్లో మంచి టీయో ఉండాలి. గడియారం మాత్రం వద్దు, ఎందుకంటే చైనీస్‌లో "గడియారం ఇవ్వడం" అన్నా, "చివరి ఘడియల్లో దగ్గరుండి సాగనంపడం" అన్నా చెవికి ఒకేలా వినిపిస్తాయి.

ఇక జీతం ప్రశ్న. ముందు కోపం తెచ్చుకోకండి. 1956లో జీతాల పద్ధతి మార్చాక ఫ్యాక్టరీ కార్మికులకి ఎనిమిది గ్రేడులు ఉండేవి, ఎవరిది ఏ గ్రేడో తెలిస్తే జీతం తెలిసిపోయినట్టే, నగరాల్లో చాలామందికి ఇల్లు కూడా పనిచేసే చోటే కేటాయించేవాళ్లు. ఆ వాతావరణంలో పెరిగిన పెద్దవాళ్లకి జీతం దాచుకోవాల్సిన విషయమని అనిపించదు. పైగా మా వాళ్లమ్మాయి సుఖంగా ఉందా లేదా అని తెలుసుకోవడానికి వాళ్లకి తెలిసిన దగ్గరి దారి అదే.

అలాగని అంకె చెప్పాల్సిన పని లేదు. "హాయ్ షింగ్" అనండి, అంటే ఫర్వాలేదు అని. లేదా "గౌ హువా", ఖర్చులకి సరిపోతోంది అని. నవ్వుతూ అంటే చాలామంది అక్కడితో వదిలేస్తారు. వదలకపోతే ఉజ్జాయింపుగా, కాస్త తక్కువ చేసి చెప్పండి, ఎందుకంటే ఆ అంకె మీ భోజనం పూర్తయ్యేలోపు ఫ్యామిలీ వీచాట్ (వాళ్ల వాట్సాప్ లాంటిది) గ్రూపులోకి వెళ్లిపోతుంది. "అది పర్సనల్ అండీ" అన్నారో, గదంతా చల్లబడిపోతుంది. నాకు బాగా పనిచేసింది ఎదురు ప్రశ్న: షూషూ, మీ ఇల్లు ఎప్పుడు కొన్నారు, అప్పుడు ధరెంత? అంతే, ఇక గంటసేపు మీ జీతం ఊసే ఉండదు.

కుర్రాళ్లతో మాత్రం ఈ ఎదురు ప్రశ్న వద్దు. చాలా కంపెనీలు జీతం బయటపెట్టొద్దని చెబుతాయి, కొత్త సంవత్సరానికి ఊరెళ్తే ఇవే ప్రశ్నలని వాళ్లకీ టెన్షనే.

బిల్లు సంగతి. పిలిచినవాళ్లు కట్టాలి, అది లెక్క. కానీ మీరు పోట్లాడకపోతే బాగోదు. లేచి, ఫోన్ తీసి, రెండు మూడుసార్లు గట్టిగా ప్రయత్నించి, ఓడిపోండి. బాత్రూమ్ అని చెప్పి వెళ్లి కౌంటర్లో ముందే కట్టేసే ట్రిక్ ఉంది, వాళ్లు కూడా వాడతారు, కానీ పిలిచిన పెద్దాయన మీద వాడితే ఆయన పరువు తీసినట్టు. చెరిసగం మాట ఎత్తనే ఎత్తకండి. ఈసారి భోజనానికి మేం పిలుస్తాం అనండి, అని నిజంగానే పిలవండి.

వసంత పండగప్పుడు, అంటే చైనా కొత్త సంవత్సరానికి వెళ్తే పిల్లలకి ఎర్ర కవర్లు పట్టుకెళ్లాలి, వాటిని హొంగ్‌బావ్ అంటారు. పెళ్లయినవాళ్లు ఇవ్వాల్సిందే. కొత్త నోట్లు, సరిసంఖ్య, కానీ 4 ఉండకూడదు, ఆ మాట చావు అనే మాటకి దగ్గరగా పలుకుతుంది. 6, 8 మంచివి. రెండు చేతులతో ఇవ్వండి, మీకిస్తే రెండుసార్లు వద్దని తర్వాత రెండు చేతులతో తీసుకోండి, వాళ్ల ముందు విప్పకండి. ఎంత పెట్టాలన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది, గ్వాంగ్‌డాంగ్‌లో 10 యువాన్లు పెట్టినా ఎవరూ ఏమనుకోరు, ఇంకోచోట అదే నవ్వులాట. ఇంట్లోవాళ్లని అడిగే పెట్టండి. పెళ్లికైతే మన చదివింపుల్లాగే పుస్తకంలో రాసుకుంటారు, తర్వాత ఇచ్చినవాళ్లింట్లో పెళ్లికి ఎంత పెట్టాలో ఆ పుస్తకమే చెబుతుంది.

అప్పు అడిగితే? మొహం మీద కాదనకండి. "షౌతౌ జిన్" అనండి, చెయ్యి బిగుతుగా ఉందని, అంటే మనం డబ్బు ఆడటం లేదన్నట్టే. ఎందుకని ఎవరూ తవ్వరు.

ఒక చిన్న మాట, వీచాట్‌లో ఎర్ర కవరు పంపితే మామూలుగా ఒక్కోదానికి 200 యువాన్లే పరిమితి, అవతలివాళ్లు 24 గంటల్లో తెరవకపోతే డబ్బు వెనక్కి వచ్చేస్తుంది. మా షూషూకి నేను పంపినవన్నీ అలాగే తిరిగొచ్చాయి. ఇప్పుడు కాగితం కవరే తీసుకెళ్లి, బయల్దేరేముందు ఆయన టీ డబ్బా కింద పెట్టి వస్తున్నాను.