బిజినెస్ పేజీ చదవడం – 4వ పాఠం: ఎద్దు వేరు, పులి వేరు

ఈ వారం ఆసియా పులులతో మొదలుపెట్టాల్సింది. కానీ మూడో పాఠం అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకేచోట తప్పాయి కాబట్టి ముందు ఎద్దు సంగతి తేల్చేద్దాం.

ప్రశ్న ఇదీ. 2020 జనవరి 14న మన పెద్ద కంపెనీల షేర్ల ధరల సూచీ నిఫ్టీ 12,362 దగ్గర ముగిసింది. మార్చి 23న 7,610కి పడింది. పడిన సూచీ 20 శాతం పెరిగితే బుల్ (ఎద్దు) మార్కెట్ అంటారు. ఇక అక్కడి నుంచి ఎంతకు చేరితే ఆ మాట అనొచ్చు? పాత 12,362 దాటాలని చాలామంది రాశారు. ఇంకొందరు 12,362లో 20 శాతం తీసి, దాన్ని 7,610కి కలిపి, 10,082 అన్నారు.

రెండూ కావు. పెరుగుదల లెక్క ఎప్పుడూ అడుగు నుంచే కట్టాలి. 7,610లో 20 శాతం 1,522. కలిపితే 9,132. ఏప్రిల్ 17న నిఫ్టీ 9,266 దగ్గర ముగిసింది. అంటే లాక్‌డౌన్ మొదలై నెల తిరగకముందే, రోడ్ల మీద మనిషి లేనప్పుడే, వాడుక లెక్క ప్రకారం బుల్ వచ్చేసింది. పాత శిఖరాన్ని అందుకోవడం పూర్తిగా వేరే ప్రశ్న. పడింది 38 శాతమే అయినా తిరిగి అక్కడికి ఎక్కాలంటే 62 శాతం పెరగాలి. అందుకు నవంబర్ దాకా పట్టింది.

ఈ 20 శాతం గీత ఏ చట్టంలోనూ లేదు, మార్కెట్లను నియంత్రించే సెబీ గీసిందీ కాదు. మార్కెట్ వార్తలు రాసేవాళ్లలో స్థిరపడిన వాడుక, అంతే. నేనైతే శాతాల జోలికి పోను. కొత్త అంకెను పాత అంకెతో భాగిస్తాను. అడుగు నుంచి 1.2 దాటితే బుల్, శిఖరం నుంచి 0.8 కిందికి వస్తే బేర్ (ఎలుగుబంటి). ముగింపు అంకెలే తీసుకుంటాను. మధ్యాహ్నం ఎంతదాకా వెళ్లి వచ్చిందో పట్టించుకోను. మీరూ అలాగే చేయండి, సగం గందరగోళం పోతుంది. ‘బుల్ రంకె: సెన్సెక్స్ 700 పాయింట్లు జంప్’ అనే శీర్షిక కనిపిస్తే ముందు భాగించండి. సెన్సెక్స్ 80,000 దగ్గర ఉంటే 700 పాయింట్లు ఒక్క శాతం కూడా కాదు.

ఇక పులులు. వేగంగా ఎదిగిన హాంకాంగ్, సింగపూర్, దక్షిణ కొరియా, తైవాన్‌లను ఆసియా పులులు అంటారని మీకు తెలుసు. చైనీస్ మాట్లాడేవాళ్లకు అవే నాలుగు చిన్న డ్రాగన్లు. తర్వాత వచ్చిన థాయ్‌లాండ్, మలేసియా, ఇండోనేసియా వగైరా పులి పిల్లలు. 1994లో మోర్గాన్ స్టాన్లీలో పనిచేసే ఆర్థికవేత్త కెవిన్ గార్డినర్ ఐర్లాండ్‌ను సెల్టిక్ టైగర్ అన్నాడు. మన దేశాన్ని 2018లో అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్) అధికారి ఒకరు పరుగు మొదలుపెట్టిన ఏనుగు అన్నారు. యూనికార్న్ వీటిలో చేరదు. అది నూరు కోట్ల డాలర్ల విలువకు చేరిన స్టార్టప్ కంపెనీకి పేరు.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. ఎద్దు, ఎలుగుబంటి షేర్ల ధరల గురించి చెబుతాయి. పులి, ఏనుగు, డ్రాగన్ ఒక దేశం ఉత్పత్తి, ఆదాయం ఎంత వేగంగా పెరుగుతున్నాయో చెబుతాయి. ‘ఏనుగు పరుగు’ అని చదివి ఫండ్‌లో డబ్బు పెట్టే మదుపరులను చూస్తే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ వార్తలో షేర్ల ధర గురించి ఒక్క ముక్క కూడా ఉండదు. 2014లో రాజధాని అక్కడే అనగానే తుళ్లూరు చుట్టుపక్కల పొలాల ధరలు ఆకాశానికంటాయి. ఆ చేలల్లో ఎకరానికి పండే పంట పెరిగిందా? లేదు కదా. ధర ఒకటి, దిగుబడి ఒకటి.

చైనా చూడండి. 2007 అక్టోబర్ 16న అక్కడి షేర్ల సూచీ షాంఘై కాంపోజిట్ 6,092 దగ్గర ముగిసింది. తర్వాతి పదిహేనేళ్లలో ఆ దేశపు జీడీపీ (దేశం మొత్తం ఉత్పత్తి విలువ) డాలర్లలో నాలుగు రెట్లకు పైగా అయింది. 2022 చివర సూచీ 3,089. భాగించండి: 0.51. దేశం అంత పెరిగినా ఆ శిఖరం దగ్గర కొన్నవాడి డబ్బు సగమైంది. కారణాలు ఉన్నాయి. 2007లో కొన్నవాళ్లు రాబోయే ఏళ్ల లాభాలకు కూడా ముందే ధర కట్టేశారు. కంపెనీలు కొత్త షేర్లు జారీ చేస్తూ పోతే మొత్తం లాభం పెరిగినా ఒక్కో షేరుకు వచ్చే వాటా అంతగా పెరగదు. పైగా జీడీపీలో రైతు, కిరాణా కొట్టు, ప్రభుత్వ ఖర్చు అన్నీ ఉంటాయి. సూచీలో ఉండేవి లిస్టయిన, అంటే షేర్లు మార్కెట్లో కొని అమ్మే, కంపెనీలు మాత్రమే.

తలకిందుల ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2020 ఏప్రిల్-జూన్‌లో మన జీడీపీ ఏడాది కిందటితో పోలిస్తే దాదాపు 24 శాతం పడిపోయింది. అదే మూడు నెలల్లో, పైన లెక్కించినట్టు, నిఫ్టీ బుల్ గీత దాటింది.

ఐర్లాండ్‌లో రెండూ కలిసి నడిచాయి, అందుకే అక్కడ మోసపోవడం ఇంకా తేలిక. 1990లలో ఆ దేశాన్ని నడిపినవి విదేశీ పెట్టుబడులు, ఎగుమతులు. 2000 తర్వాత ఇళ్ల నిర్మాణం, బ్యాంకు అప్పులు ఆ స్థానంలోకి వచ్చాయి. పత్రికలు మాత్రం పులి అనే రాస్తూ పోయాయి. 2007 ఫిబ్రవరిలో 10,000 అంచుకు వెళ్లిన డబ్లిన్ సూచీ 2009 మార్చిలో 2,000 కిందికి వచ్చింది. 2010 నవంబర్‌లో ఆ దేశం 8,500 కోట్ల యూరోల సాయం ప్యాకేజీకి ఒప్పుకోవాల్సి వచ్చింది. కాబట్టి పులి అని చదివినప్పుడు ఆ పెరుగుదల ఎక్కడి నుంచి వస్తోందో వార్తలో వెతకండి. ఎగుమతులా, అప్పులా? రాయకపోతే ఆ వార్తకు నేను మార్కులు వేయను.

అభ్యాసం. ఈసారి కష్టంగానే ఇస్తున్నాను, కాగితం మీద చేయండి. జపాన్ షేర్ల సూచీ నిక్కీ 1989 డిసెంబర్ 29న 38,915 దగ్గర, 2009 మార్చి 10న 7,054 దగ్గర ముగిసింది. 2024 ఫిబ్రవరి 22న 39,098 దగ్గర ముగిసి పాత శిఖరాన్ని దాటింది.

1. 2009 అడుగు నుంచి బుల్ అనడానికి నిక్కీ ఎంతకు చేరాలి?
2. మధ్యలో ఎక్కడా పడకుండా 20 శాతం చొప్పున పెరుగుతూ పోతే, 7,054 నుంచి 38,915 దాటడానికి అలాంటివి ఎన్ని కావాలి? 20ని కూడుకుంటూ పోకండి, ప్రతిసారీ 1.2తో గుణించండి.
3. మీ ఇంటికొచ్చే పేపర్‌లో వారం రోజుల బిజినెస్ పేజీలు తీసి, కనిపించిన ప్రతి జంతువు పక్కన సూచీ, దేశం, కంపెనీ – ఈ మూడింటిలో దేని గురించో రాయండి. సూచీ అయితే భాగహారం కూడా చేసి పంపండి.

రెండో ప్రశ్నకు ఒక్క అంకె రాసి పంపితే చాలదు, మెట్లన్నీ కావాలి. ఐదో పాఠం వాటితోనే మొదలవుతుంది.