స్టిల్ లైఫ్ నేర్చుకుందాం – 5వ పాఠం: పురుగు తొలిచిన ఆపిల్

స్టిల్ లైఫ్ అంటే కదలని వస్తువుల్ని ఎదురుగా పెట్టుకుని వేసే బొమ్మ. పోయిన పాఠంలో ఒక్క పండుకి వెలుగు నీడలు వేశాం. ఈసారి మచ్చ వేద్దాం. బొమ్మ కోసం పళ్లు కొనేటప్పుడు నున్నగా మెరిసేవే ఏరుకుంటాం కదా. నేనూ చాలా ఏళ్లు అలాగే ఏరాను. బొమ్మలో అవి మైనపు పళ్లలా ఉండేవి.

ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో 1600కి కాస్త అటూఇటూగా వేసిన 'పళ్ల బుట్ట'ను ఫోన్‌లో పెద్దది చేసి చూడండి. అసలుది ఇటలీలో, మిలాన్‌లోని అంబ్రోజియానా చిత్రశాలలో ఉంది. ముందున్న ఆపిల్‌కి పురుగు తొలిచిన కన్నం. కుడిపక్క ఆకులు ఎండి ముడుచుకుపోయాయి. బుట్ట బల్ల అంచు దాటి మనవైపు వచ్చేసింది. ఎక్కడ పడిపోతుందోనని చూసిన ప్రతిసారీ నాకు టెన్షనే.

క్రైస్తవ చిత్రకళలో ఆపిల్ అంటే ఆదాము, హవ్వల పాపం. ద్రాక్ష అంటే క్రీస్తు రక్తానికి గుర్తైన ద్రాక్షారసం. వాడిన ఆకు అంటే కరిగిపోయే ఆయుష్షు. ఈ బొమ్మ కార్డినల్ ఫెడెరికో బొరొమెయో దగ్గర ఉండేది. అంత పెద్ద మతగురువుకి ఈ అర్థాలన్నీ తెలిసినవే. మీరు మాత్రం వాటిని బట్టీ పట్టకండి. కారవాజ్జో పండు ఎరుపుని ఎంత శ్రద్ధగా వేశాడో ఆ కన్నాన్నీ అంతే శ్రద్ధగా వేశాడు. అర్థం ఆ శ్రద్ధలోంచే వస్తుందని నా నమ్మకం.

ఇక కుంచె పట్టండి. ఆకుతో ఉన్న జామకాయ, మచ్చ పడ్డది తీసుకుని కిటికీ పక్కన పెట్టండి. వెలుతురు ఎడమ నుంచి రావాలి. ముందు ఆకు వేయండి, పండుకంటే అదే తొందరగా వాడిపోతుంది. మచ్చకి నల్లరంగు ముట్టుకోవద్దు. పండుకి వేసిన ఆకుపచ్చ రంగులోనే కొంచెం ఎరుపు కలిపితే గోధుమరంగు వస్తుంది. మచ్చ నడుమ చిక్కగా వేసి, అంచుని తడి కుంచెతో పండు రంగులోకి లాగేయండి.

కన్నం ఉంటే జాగ్రత్త. కన్నంలో ఎడమ గోడ నీడలో ఉంటుంది, కుడి అంచు మీద సన్నటి వెలుగు గీత పడుతుంది. ఇది తిరగబడితే కన్నం కాస్తా మొటిమలా పైకి లేస్తుంది. కొత్తవాళ్లలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఒక్క కన్నాన్నే వేరే కాగితం మీద పదిసార్లు వేసి చూడండి.

పండుని కదపకుండా అక్కడే ఉంచి, మూడు రోజులు అదే ఆకుని పక్కపక్కన వేయండి. ఆ కాగితం దాచుకోండి. వచ్చే పాఠంలో పూలకి అది కావాలి.